ఒక్క వైరు తక్కువైన పెట్టె

టైలరక్క చేతులకు ఒక అలవాటుంది. సన్నగా, పొడుగ్గా, చుట్టడానికి వీలుగా ఏది కనిపించినా ఖాళీ రీలుకు చుట్టేస్తాయి. పొట్లాలకు కట్టివచ్చిన పురికొస, తెగిన బూటు లేసు, అంకెలు చెరిగిపోయిన కొలత టేపు, ఏదైనా సరే. మిషను పక్కనున్న రేకుపెట్టె నిండా అవే.

"ఊరికే నిలబడితే నన్ను కూడా రీలుకు చుట్టేసేలా ఉన్నావే అక్కా" అనేవాడు తమ్ముడు.

"నువ్వు చుట్టడానికి పనికిరావు. మధ్యలో లావు" అనేది ఆమె.

ఆ అలవాటు లేకపోతే ఈ కథ లేదు.

మూడో అంతస్తులో వాళ్లకు రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె కాలిమిషను, కత్తిరింపుల బల్ల, కుట్టడానికి వచ్చిన బట్టల సంచులు. వెనక గది తమ్ముడిది. ఆ రెండు గదుల్లో అక్కాతమ్ముళ్లిద్దరూ ఇరవై రెండేళ్లు గడిపారు. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే "కొలతలు చూశానండీ, కుదరలేదు" అని టైలరక్క మళ్లీ మిషను తొక్కేది. తమ్ముడైతే నవ్వి ఊరుకునేవాడు. అతను కాలేజీలో సౌండు టెక్నీషియను. హాల్లో మైకులు, స్పీకర్లు, సంగీతం విభాగంలో యంత్రాలు అతని చేతుల మీద నడిచేవి. వీధిలో ఎవరి రేడియో మూగబోయినా అతని దగ్గరికే వచ్చేది. రెండు వీధుల అవతల ఉండే పిన్నికి చెవి మిషను అమర్చింది కూడా అతనే. అందులో బ్యాటరీ అయిపోయే రోజు పిన్ని కంటే ముందు అతనికే గుర్తుండేది.

వేసవి సెలవుల్లో బాగుచేయడానికని కాలేజీ పెట్టె ఒకటి ఇంటికి తెచ్చాడు. మాడ్యులర్ సింథసైజర్ అంటారు దాన్ని. బీరువా తలుపంత ఉంటుంది. దానికి హార్మోనియంలా మెట్లు లేవు, వీణలా తీగలు లేవు. అన్నీ చిన్న చిన్న అల్యూమినియం పలకలు. ఒక్కో పలక, అంటే ఒక్కో మాడ్యూలు, ఒక్కో పని చేస్తుంది. ప్రతి పలక మీదా తిప్పే నాబులు, వైరు దూర్చే రంధ్రాలు. ఏ రంధ్రం నుంచి ఏ రంధ్రానికి వైరు వేస్తే ఆ ప్రకారం శబ్దం పుడుతుంది. అన్ని వైర్లూ ఒకేసారి చూసిన పిన్ని "చిక్కుపడిన నూలు తెచ్చి గోడకి ఆనించాడేమే" అంది.

ఆ పెట్టెకు జ్ఞాపకం ఉండదు. అది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. రాసిపెట్టుకునే కాగితం లాంటిది అందులో ఏమీ లేదు. వైర్లు వేసి ఉన్నంతవరకే పాట. వైర్లు తీస్తే పాట పోయినట్టే.

సెలవులు సగం అయ్యాక, ఒక గురువారం మధ్యాహ్నం, తమ్ముడు కాలేజీ హాల్లో నిచ్చెన దిగి, దాహంగా ఉంది అని కుర్చీలో కూర్చున్నాడు. నీళ్లు వచ్చేలోపు పోయాడు. నలభై మూడేళ్లు. గుండె అన్నారు. నీళ్లు తెచ్చిన వాచ్‌మన్ ఆ గ్లాసు కింద పెట్టడానికి మనసొప్పక ఆస్పత్రి దాకా పట్టుకుని వచ్చాడు. అక్కడ నర్సు దాన్ని మెల్లగా అతని చేతిలోంచి తీసుకుని, అతనికే తాగించింది. ఇలాంటివి ఎవరూ రాసిపెట్టరు. చూసేవాడు పైనున్నాడు కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం మూడో అంతస్తు నిండా మనుషులు. వెనక గది తలుపు కింద నుంచి ఒక బూడిదరంగు వైరు ముందు గదిలోకి వచ్చి, గోడ వారనే పాకి, టైలరక్క మిషను బల్ల కిందికి పోయేది. దానికి పిన్ని కాలు తగిలి తూలింది. ఎవరో పట్టుకున్నారు. టైలరక్క వంగి ఆ వైరును బల్ల కింద ఊడదీసింది. తలుపు కింద నుంచి లాగితే అవతలి కొస కూడా ఊడివచ్చింది. ఖాళీ కొయ్య రీలుకు చుట్టి రేకుపెట్టెలో వేసింది. ఆమె అనుకుని చేసిన పని కాదది. చేతులు చేశాయి. ఆమె చూస్తూ ఉంది.

తర్వాత ఏడు వారాలు ఆమె అలా చూస్తూనే ఉంది.

ఏడుపు రాలేదు. రానందుకు బాధ కూడా రాలేదు. పొద్దున లేచేది, నీళ్లు కాచుకునేది, కాచిన నీళ్లు చల్లారేవి. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేది. ఎదురు మేడ మీద ఎవరో బట్టలు ఆరేసేవారు, తీసేవారు. పిన్ని రోజూ మధ్యాహ్నం వేడిగా ఏదో ఒకటి గిన్నెలో తెచ్చేది.

"నేనేం మాట్లాడను. నువ్వు తిను, నేను నా జపం చేసుకుంటా" అనేది. చెప్పినట్టే మూలన చాప వేసుకుని పెదవులు కదిలిస్తూ కూర్చునేది. టైలరక్క తినేది. ఏం తిన్నదో అడిగితే చెప్పలేకపోయేది.

మిషను మాత్రం ముట్టుకోలేదు. సంచులు అలాగే ఉన్నాయి. బట్టలిచ్చినవాళ్లు వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, తొందరేం లేదని చెప్పి వెళ్లేవారు. అందరికంటే తొందర ఉండాల్సింది కింది అంతస్తు బస్సు డ్రైవరుకు. డిపోలో ఇచ్చిన కొత్త యూనిఫారం ప్యాంట్లు రెండూ జానెడు పొడుగు. ఒకటి ఆమె సంచిలో ఉండిపోయింది. రెండోది అంచు మడిచి పిన్నీసులు పెట్టుకుని తొడుక్కుంటున్నాడు.

"బ్రేకు తొక్కినప్పుడల్లా గుచ్చుకుంటోందట" అని పిన్ని చెప్పింది. "వేరే చోట కుట్టించుకోవయ్యా అంటే, పరవాలేదండీ, నిద్ర రాకుండా ఉంటుంది అంటాడు."

టైలరక్క విని తలూపింది. లేవలేదు.

వెనక గదిలో పెట్టె మీది చిన్న దీపాలు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉన్నాయి. తెచ్చిన రోజే తమ్ముడు చెప్పాడు, "దీని స్విచ్చి ఆపకక్కా. వేడి మీద ఉంటేనే శ్రుతి నిలుస్తుంది. నేను చెప్పేదాకా ఆపొద్దు" అని. అతను చెప్పలేదు. ఆమె ఆపలేదు.

ఎనిమిదో వారం సోమవారం నాడు సంగీతం మేష్టారు వచ్చాడు. కాలేజీలో తమ్ముడికి దగ్గరి స్నేహితుడు. బక్కమనిషి. చేతిలో చిన్న రికార్డరు, మెడలో హెడ్‌ఫోన్లు. చెప్పులు విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే లోపలికి వచ్చాడు.

"అక్కయ్యా, శుక్రవారం కాలేజీ తెరుస్తున్నారు. పెట్టె తీసుకెళ్లాలి. వైర్లు తీసేయకుండా అది మెట్లు దిగదు."

"తీసుకెళ్లండి."

"అది కాదక్కయ్యా." చెప్పులు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "పోయే ముందు ఆదివారం నాకు ఫోను చేశాడు. పూర్తయింది, వచ్చి విను అన్నాడు. వచ్చే ఆదివారం వస్తాలే అన్నాను. ఆ ఆదివారం..." ఆగాడు. "ఇంతవరకు ఎవరూ వినలేదది. వైర్లు అతను వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్కసారి విని, రికార్డు చేసుకుని, అప్పుడు విప్పుతాను. తర్వాత ఎవరు కోరినా దొరకదు."

"చెప్పులు అక్కడ పెట్టండి మేష్టారూ" అంది టైలరక్క.

అతను వెనక గదిలోకి వెళ్లి స్పీకరు మీట పెంచాడు. ఏమీ రాలేదు. ఇంకా పెంచాడు. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. గంటసేపు ఒక్కో వైరునూ వేలితో పట్టుకుని ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో చూశాడు. టైలరక్క గడప దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. ఆమెను ఊరికే నిలబెట్టడం బాగుండదనుకున్నాడో ఏమో, చూస్తూ చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఈ పైనున్నవి ఆసిలేటర్లు. శబ్దం పుట్టేది వీటిల్లో. ఇవి ఎప్పుడూ మోగుతూనే ఉంటాయి. ఇప్పుడు కూడా మోగుతున్నాయి, ఈ ఏడు వారాలూ మోగుతూనే ఉన్నాయి."

"మరి వినబడదే."

"మధ్యలో ఇది ఉంది కదా." సన్నటి పలకలు రెండు చూపించాడు. "వీసీఏ అంటారు. కుళాయి అనుకోండి. వెనక పైపు నిండా నీళ్లున్నా కుళాయి తిప్పితేనే కదా పడేది. దీన్ని చేత్తో తిప్పక్కర్లేదు. ఇంకో వైరులోంచి వోల్టేజి వచ్చి తిప్పుతుంది. ఎక్కువ వోల్టేజి వస్తే ఎక్కువ తెరుచుకుంటుంది, తక్కువ వస్తే తక్కువ. ఏమీ రాకపోతే మూసుకుని ఉంటుంది. ఇప్పుడు ఏమీ రావడం లేదు."

"ఎందుకని?"

అతను ఆ వోల్టేజి వైరు వెంట వేలు పోనిచ్చాడు. అది కింది వరసలో ఒక మాడ్యూలు దగ్గర ఆగింది. బయటి చప్పుడు ఎంత గట్టిగా ఉందో కొలిచి, దాన్ని వోల్టేజిగా మార్చే మాడ్యూలు అది. చప్పుడు లోపలికి రావాల్సిన రంధ్రం ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఏదో ఉండాలి" అన్నాడు. "ఈ గదిలో ఎవరైనా ఏదైనా తీశారా అక్కయ్యా?"

"ఈ గదిలోకి ఎవరూ రాలేదు. నేను కూడా."

అది నిజమే. ఆమె నిజమే చెప్పింది. బూడిదరంగు వైరు ఆమె లెక్కలో పెట్టెకు సంబంధించింది కాదు, తన మిషనుకు సంబంధించింది. సెలవుల మొదట్లో తమ్ముడు మిషను బల్ల కింద రూపాయి బిళ్లంత పలచటి చక్రాన్ని మైనంతో అంటించి, దానికి ఆ వైరు తగిలిస్తుంటే "ఏమిట్రా అది?" అని అడిగింది. "నీ కుట్లు లెక్కపెడుతున్నా" అన్నాడు. "ఎన్నయితే చెప్పు, కూలి పెంచుతా" అంది. దాని సంగతి అక్కడితో అయిపోయింది.

మేష్టారు తన మైకు ఆ ఖాళీ రంధ్రానికి తగిలించి "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. స్పీకరులో గంభీరంగా ఏదో శబ్దం మూడుసార్లు తెరుచుకుని మూసుకుంది. చిటికె వేస్తే చిటికెంత వచ్చింది. దగ్గితే దగ్గినంతసేపు వచ్చింది.

"ఉంది" అన్నాడు. "కానీ ఇది నా దగ్గు. అతను దీనికి ఏం వినిపించేవాడో అది కావాలి."

మంగళవారం గడియారం తెచ్చి మైకు ముందు పెట్టాడు. బుధవారం రేడియో పెట్టాడు, వాన చప్పుడు పెట్టాడు, తలుపు గొళ్లెం ఆడించాడు. దేనికి తగ్గట్టు అది కుళాయి తెరిచింది. ఏదీ పూర్తయిన పనిలా లేదు. రెండో వీసీఏ అయితే అసలు కదల్లేదు. దాని దీపం బియ్యపుగింజంత కూడా వెలగలేదు.

"కూర వండిపెట్టి ఉప్పు డబ్బా ఎత్తుకుపోయినట్టుంది" అన్నాడు గోడకు చేరగిలబడి. "మీకు వినబడేది కదా అక్కయ్యా, ఎలా ఉండేదో కొంచెం..."

"నాకెప్పుడూ వినబడలేదు."

"ఒక్కసారి కూడానా?"

"స్పీకరు నేలకేసి బోర్లా పెట్టుకునేవాడు. తలుపేసి ఉండేది. నా మిషను చప్పుడు నాది."

మూలన జపం చేసుకుంటున్న పిన్ని కళ్లు తెరిచి మేష్టారి ముఖం చూసింది. లేచి, టైలరక్క కోసం తెచ్చిన గిన్నెలో సగం వేరే పళ్లెంలో వేసి అతని ముందు పెట్టింది. "ముందు తినండి నాయనా. ఆకలి మీద దేవుడు కూడా దొరకడు."

గురువారం వచ్చింది. అదే ఆఖరి రోజు. పొద్దున్నుంచి మేష్టారు వైర్లన్నీ మళ్లీ మొదటి నుంచి చూశాడు. పన్నెండింటికి హెడ్‌ఫోన్లు తీసి, తొలి వైరు తీయడానికి చేయి పెట్టి, తీయకుండా మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. టైలరక్క అది చూసింది.

అప్పుడు డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. రాత్రి డ్యూటీ దిగి పడుకుని లేచిన ముఖం. ఒక చేతిలో రొట్టె పొట్లం. ఏడు వారాలుగా రెండు రోజులకోసారి తలుపు పక్కన అలాంటి పొట్లమే కనిపించేది; పెట్టిపోయేది అతనేనని టైలరక్కకు అప్పుడే తెలిసింది.

"మేష్టారూ, ఒక మాట అనొచ్చా? తప్పుగా అనుకోకూడదు."

"అనండి."

"నాలుగు రోజుల్నుంచి మీరు వాయించేది నిద్ర పట్టనివ్వడం లేదండి. అక్క మిషను పాటైతే పడుకోగానే పట్టేసేది."

"మిషను పాటా?"

"అదేనండీ, అక్క తొక్కినప్పుడు వచ్చేది." ప్యాంటు పిన్నీసు సర్దుకుంటూ చెప్పాడు. "నా మంచం సరిగ్గా ఈ గది కింద. అక్క మొదలుపెట్టగానే పైకప్పులోంచి మోత దిగేది. అక్క ఆపితే అదీ ఆగేది. చిన్న కుట్లకి చిన్నగా, పొడుగు కుట్లకి కింద నుంచి ఇంకోటి లేచేది. ఈ మిషనుకి మోత అలా ఉంటుందేమో అనుకున్నా. అక్క కుట్టడం మానేశాక మళ్లీ వినలేదు. అడుగుదామనుకున్నా, అక్క ఉన్న స్థితిలో మిషను మోత గురించి అడిగితే బాగుండదని ఊరుకున్నా."

మేష్టారు గడప దాటి ముందు గదిలోకి వచ్చాడు. మిషను ముందు మోకాళ్ల మీద కూర్చుని తల వంచి బల్ల కిందికి చూశాడు.

"అక్కయ్యా" అన్నాడు, తల బయటికి పెట్టకుండానే. "దీనికి వైరు ఉండేదా?"

"కుట్లు లెక్కపెట్టే వైరా?"

"ఏదైనా సరే."

టైలరక్క రేకుపెట్టె తెరిచింది. తెల్లదారం, నల్లదారం, పురికొస, బూటు లేసు పక్కకు జరిపింది. కొయ్య రీలు తీసి అతని చేతిలో పెట్టింది. బూడిదరంగు వైరు దాని మీద కొత్త దారంలా, వరస తప్పకుండా చుట్టి ఉంది.

"అడగలేదు కదా" అంది. తప్పు పట్టినట్టు కాదు, జరిగింది చెప్పినట్టు.

మేష్టారికి నవ్వొచ్చిందో ఇంకేదైనా వచ్చిందో తెలియదు. రీలు పట్టుకుని వెనక గదిలోకి పరుగులాంటి నడక నడిచాడు. వైరు మళ్లీ తలుపు కింద నుంచి వచ్చింది. ఒక కొస బల్ల కింద చప్పుడు పట్టే చక్రానికి, రెండో కొస ఖాళీ రంధ్రానికి. స్పీకరు వైరు తీసి రికార్డరుకు తగిలించి, హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకున్నాడు.

"తొక్కండి అక్కయ్యా."

"ఏం కుట్టను?"

"ఊరికే తొక్కండి."

"గుడ్డ లేకుండా తొక్కకూడదు. కింద దారం ముడిపడుతుంది."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నా ప్యాంటు ఉందిగా అక్కా."

"ఒంటి మీదిదా, సంచిలోదా?"

"సంచిలోదే. ఒంటి మీదిది విప్పితే మేష్టారు రికార్డు ఆపేస్తారు."

పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టైలరక్క సంచి విప్పింది. ప్యాంటు తీసింది. ఏడు వారాల కింద తానే గీసిన సుద్దగీత అలాగే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది. పాదం తొక్కుడు పలక మీద పెట్టింది. చల్లగా ఉంది.

తొక్కింది.

కుడికాలు అంచు చుట్టూ మిషను తకతకమని తిరిగింది. గడప దగ్గర కూర్చున్న మేష్టారు రెండు చేతులతో హెడ్‌ఫోన్లు చెవులకు అదిమిపెట్టుకున్నాడు. ఒక చెవి భాగం విప్పి డ్రైవరు వైపు చాపాడు. డ్రైవరు వంగి విన్నాడు.

"ఇదే" అన్నాడు. "ఇదేనండి."

టైలరక్క ఇద్దరినీ చూసింది. ఆమెకు మిషను చప్పుడే వినబడుతోంది, ఎప్పటిలాగే. అంచు పూర్తయింది. కాలు ఆపింది.

మేష్టారికి అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఇన్నాళ్లూ కుళాయి తిప్పింది ఈమె. వినని మనిషి కూడా ఈమె ఒక్కతే. తొక్కుతుంటే మిషను చప్పుడులో వినబడదు. విందామని ఆపితే ఉండదు. అతను లేచి వచ్చి హెడ్‌ఫోన్లు ఆమె తలకు పెట్టాడు. పెట్టేటప్పుడు జుట్టు చిక్కుకుంటే పిన్ని వచ్చి సర్దింది.

"ఎడమకాలు కుట్టండి అక్కయ్యా."

తొక్కింది. ఒక్కో కుట్టుకూ ఒక్కో చిన్న తెరుపు. తడిచేత్తో బిందె అంచు రాస్తే వచ్చే మోతలాంటిది. సూది దిగినప్పుడు వచ్చి, లేచినప్పుడు పోతోంది. వేగంగా తొక్కితే ఒకదానిలో ఒకటి కలిసిపోయి ధారలా అవుతోంది. బాగా విందామని ఆమె పాదం నెమ్మదించింది. శబ్దం పలచబడింది. తొక్కితే వచ్చింది. మళ్లీ నెమ్మదించింది, మళ్లీ పోయింది. వినాలంటే కుట్టాలి. కుట్టింది. కళ్లు సుద్దగీత మీద లేవు.

"రెండోది తెరుచుకోలేదు" అన్నాడు మేష్టారు వెనక గదిలోంచి. "దాని ముందున్న మాడ్యూలు వోల్టేజిని చాలా మెల్లగా పెంచుతుంది. నిమిషమైనా ఆగకుండా చప్పుడు రావాలి."

టైలరక్క హెడ్‌ఫోన్లు తీయకుండానే అంది, "ప్యాంటు అంచు చాలదు. పొడుగు కుట్టు కావాలి."

లేచి బల్ల కింద నుంచి మడత తీసింది. కాలేజీ హాలు పరదా. హాలుకు పద్నాలుగు పరదాలు కుట్టమని సెలవుల్లో పని ఇప్పించింది తమ్ముడే. పదమూడు ఇచ్చింది. ఆఖరిదానికి ఒక పక్క అంచు మిగిలిపోయింది. పద్దెనిమిది అడుగులు. సెలవుల మొదటి నుంచి అతను తలుపు అవతల కూర్చుని విన్నవి ఈ పొడుగు కుట్లే.

"ఆగకుండా అయితే మూడు నిమిషాలు" అంది. "బరువు లాగకుండా ఎవరైనా పట్టుకోవాలి."

డ్రైవరు పట్టుకున్నాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా వేసుకుని, సూది వైపు అంగుళం అంగుళం వదులుతూ జరిగాడు. పిన్నీసు గుచ్చుకుంది కాబోలు, ఒకసారి పెదవి కొరుక్కున్నాడు. కాలు కదిలించలేదు.

మొదటి నిమిషం అదే మోత. తర్వాత దాని కింద ఇంకొకటి లేచింది. ఎప్పుడు మొదలైందో చెప్పలేనంత మెల్లగా. మేష్టారు పెట్టె ముందు నిలబడి రెండో వీసీఏ దీపం చూస్తున్నాడు. నిప్పు రాజుకున్నట్టు అది ఎర్రగా నిండుతోంది. టైలరక్క తొక్కింది. పరదా జరిగింది. చివరి జానెడు వచ్చింది, చివరి వేలెడు వచ్చింది, అయిపోయింది.

ప్రతి పరదాకూ అంచు అయిపోగానే ఆమె కత్తెర అందుకునేది, గుడ్డ లాగేది, తర్వాతి మడత పరిచేది. ఈసారి కత్తెర అందుకోలేదు. పాదం ఆగింది. మిషను ఆగింది. పై మోత వెంటనే ఆగింది. కిందిది ఆగలేదు. నిండుగా పడుతున్న కుళాయిని ఎవరో మెల్లగా కట్టేస్తున్నట్టు కొంచెం కొంచెం తగ్గుతూ, ఇరవై లెక్కపెట్టేంతసేపు ఉండి, పోయింది.

"ఆగాక కూడా కాసేపు ఉండేట్టు పెట్టాడు" అన్నాడు మేష్టారు.

టైలరక్క హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. దారం తెంపింది. పరదా అంచు వేళ్లతో తడిమి చూసుకుంది. కన్నీళ్లు లేవు.

"ఎలా ఉంది అక్కయ్యా?"

ఆమె ఆలోచించింది. "పిక్క నొప్పి పుట్టింది" అంది. "అలవాటు తప్పింది కదా."

ఏడు వారాల్లో ఆమె నొప్పి అన్న మాట అనడం అదే మొదలు. మూలనున్న పిన్ని కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి, మళ్లీ విప్పింది. నూనె వేడి చేయడానికి వంటింట్లోకి వెళ్లింది.

శుక్రవారం పొద్దున మేష్టారు ఒక్కో వైరూ తీసి, రంగుల వారీగా కట్టలు కట్టి, స్విచ్చి ఆపాడు. ఆపే ముందు టైలరక్క వైపు చూశాడు. ఆమె తలూపింది. వాచ్‌మనూ ఇంకో ఇద్దరూ వచ్చి పెట్టెను మెట్లు దించారు. పద్నాలుగో పరదా కూడా వాళ్లతోనే వెళ్లింది. రికార్డు చేసినదాన్ని మేష్టారు చిన్న పెన్‌డ్రైవులో పెట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని రేకుపెట్టెలో రీళ్ల మధ్య పెట్టింది. వినడానికి ఇంట్లో ఏమీ లేదు. కొనాలని కూడా అనుకోలేదు. బూడిదరంగు వైరు మళ్లీ కొయ్య రీలు మీదికి చేరింది. అది కాలేజీదే. మేష్టారు అడగడం మరిచిపోయాడో, మరిచిపోయినట్టు ఉన్నాడో, ఆ మంచితనం అతనికే తెలియాలి. బల్ల కింది చక్రం అక్కడే ఉంది. ఆమె తీయలేదు.

సంచులు ఒక్కొక్కటే విప్పింది. రోజుకు రెండు, ఒక్కోరోజు ఒకటి. కొన్ని రోజులు ఏమీ లేదు.

పది రోజులకు మెట్ల మీద డ్రైవరు ఎదురయ్యాడు. డ్యూటీకి వెళ్తున్నాడు. ఎడమకాలు అంచు వంకరగా, కుడిదానికంటే వేలెడు పొడుగు వేలాడుతోంది. టైలరక్క అక్కడే ఆగిపోయింది.

"ఏమయ్యా, ఆ కాలేమిటి?"

"ఏ కాలక్కా?"

"ఎడమది. నేను కుట్టిందేనా అది?"

"బాగానే ఉందిగా. మా కండక్టరు అడిగాడు, కాలు పెరిగిందా అని. పెరిగిందన్నా."

"విప్పి ఇవ్వు. మళ్లీ కుడతా."

"ఇప్పుడే విప్పమంటే ఎలా అక్కా. రేపిస్తాలే."

"పది రోజుల్నుంచి ఇలాగే తిరుగుతున్నావా?"

అతను రెండేసి మెట్లు దిగాడు. మర్నాడు ఇవ్వలేదు. ఆ మర్నాడూ ఇవ్వలేదు. మూడోరోజు ఆమె రెండో అంతస్తుకు దిగి అతని తలుపు కొట్టింది.